సౌత్ డకోటాలో సముద్రపు బురద: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఉండాలి

సౌత్ డకోటా వెళ్లే మనవాళ్లు మౌంట్ రష్‌మోర్ దగ్గర ఫొటోలు దిగి, దారిలో బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్‌లో ఓ గంట ఆగి వచ్చేస్తారు. నన్నడిగితే రష్‌మోర్‌కే ఆ గంట చాలు, మిగతా టైమంతా బ్యాడ్‌ల్యాండ్స్‌కి ఇవ్వాలి. అందులోనూ అందరూ చూసే కోసు శిఖరాల కంటే వాటికి కింద ఉన్న పీర్ షేల్ అనే, సముద్రపు బురద గట్టిపడి ఏర్పడ్డ రాతి పొర నన్ను ఎక్కువగా పట్టేసింది.

లూప్ రోడ్డులో ఎల్లో మౌండ్స్ దగ్గర తప్పకుండా దిగండి. ఆ పసుపు గుట్టలు ఒకప్పుడు సముద్రపు అడుగు. డైనోసార్ల కాలంలో ఉత్తర అమెరికా నడిమధ్య నుంచి పెద్ద సముద్రం పారింది. అది వెనక్కి తగ్గాక బయటపడ్డ నల్లటి బురద ఎండకీ వానకీ మారి పసుపు నేలైంది. దాని మీద కూర్చున్న బూడిదరంగు పొరకీ దీనికీ మధ్య సుమారు 3 కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది. రెండింటి మీదా చేతులు పెట్టి నిలబడితే ఒళ్లు జలదరించింది.

అసలు నేను వెళ్లింది బెంటొనైట్ కోసం, అంటే అగ్నిపర్వతపు బూడిద నుంచి పుట్టిన బంకమట్టి కోసం. పడమట అగ్నిపర్వతాలు పేలినప్పుడల్లా బూడిద గాలికి కొట్టుకొచ్చి ఈ సముద్రంలో పడేది. అడుగున పరుచుకున్న ఆ బూడిదలోని గాజు రేణువులే ఉప్పునీటిలో మెత్తటి బంకమట్టిగా మారాయి. నల్లటి షేల్ మధ్యలో లేతరంగు గీతలా కనిపించే ప్రతి పొరా ఒక పేలుడు. బూడిదతో పాటు వచ్చిన జిర్కాన్, శానిడిన్ అనే ఖనిజాల స్ఫటికాలతో దాని వయసు కట్టొచ్చు. ఒకే పేలుడు బూడిద ఎంతో దూరం పడుతుంది కాబట్టి వందల మైళ్ల అవతల ఉన్న రాళ్లను కూడా ఒకే కాలానికి చెందినవని గుర్తుపట్టొచ్చు. హాట్ స్ప్రింగ్స్ అనే ఊరికి దక్షిణాన, 71వ నంబరు రోడ్డు మీద, దాదాపు ఖాళీ అయిపోయిన ఆర్డ్‌మోర్ అనే ఊరుంది. దాని పేరుతో పిలిచే బెంటొనైట్ పొరల వయసు సుమారు 8 కోట్ల ఏళ్లు. ఆ వైపు హోటళ్లూ తిండీ దొరకవు. హాట్ స్ప్రింగ్స్‌లోనే పెట్రోలు, నీళ్లు నింపుకోండి.

వాతావరణం చూసుకోకుండా పార్కులోని సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు ఎక్కొద్దు, అది తారు లేని కంకర రోడ్డు. బెంటొనైట్ తడిస్తే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, ఎండితే పైన పేలాల్లా విచ్చుకుంటుంది. మన రేగడి నేలలో ఉండేదీ ఈ జాతి మట్టే, అందుకే వానలో దాని సంగతి మనకు చెప్పక్కర్లేదు. ఇక్కడివాళ్లు దీన్ని గంబో అంటారు. పొడిగా ఉంటే మాత్రం ఈ రోడ్డే పార్కులో బెస్ట్: అడవిదున్నలు, ప్రెయిరీ డాగ్‌లు (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువులు), జనం తక్కువ.

బసకి పార్కు లోపలి సీడార్ పాస్ లాడ్జ్ క్యాబిన్లకే నా ఓటు. ఖర్చు ఎక్కువే, చలికాలంలో మూసేస్తారు, కానీ తెల్లవారుజామున గుమ్మంలోంచే గుట్టలు కనిపిస్తాయి. వాల్ ఊళ్లో మోటెళ్లు చవక. మేం దిగినదాంట్లో ఏసీ మోత వల్ల నిద్ర పట్టలేదు, పార్కుకి దగ్గర కావడం ఒక్కటే లాభం. సేజ్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ ఉచితం, కానీ తాగునీళ్లు ఉండవు, పిల్లలతో అయితే టెన్షన్. శాకాహారులు ర్యాపిడ్ సిటీలో సరుకులు కొనుక్కుని బయల్దేరడం మంచిది.

పార్కులో శిలాజం కనిపిస్తే ముట్టుకోకుండా, ఉన్న చోటు గుర్తుపెట్టుకుని బెన్ రైఫెల్ విజిటర్ సెంటర్లో చెప్పండి. ఎండాకాలంలో అక్కడి ల్యాబ్‌లో ఎముకల్ని శుభ్రం చేయడం దగ్గర నుంచి చూడొచ్చు. తర్వాత ర్యాపిడ్ సిటీలో సౌత్ డకోటా మైన్స్ వారి మ్యూజియం ఆఫ్ జియాలజీకి వెళ్లండి, టికెట్ లేదు. పీర్ షేల్‌లో దొరికిన పొడవు మెడ ప్లీసియోసార్ (ఆ కాలపు సముద్ర సరీసృపం) అస్థిపంజరం అక్కడుంది, దాని కడుపు భాగంలో 250కి పైగా గులకరాళ్లు దొరికాయి. మా పిల్లలు అక్కణ్నుంచి ఒక పట్టాన కదల్లేదు.