పశువైద్య కళాశాల ఆసుపత్రి: చేతిలో డబ్బు లేదు, కుక్క కాలు విరిగింది

బండి గుద్ది తొడ ఎముక విరిగిన కుక్కకు ప్రైవేటు క్లినిక్‌లో ఎముకను పట్టి ఉంచే లోహపు ప్లేటు వేయించాలంటే ఇరవై, ముప్పై వేలు దాటడం మామూలే. అంత పెట్టలేని ఇంటికి మేం మొదట చెప్పేది పశువైద్య కళాశాల ఆసుపత్రి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు; ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో ఈ కళాశాలలున్నాయి. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్నవాళ్లకు నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల దగ్గర.

ఓపీ చీటీ, ఎక్స్‌రే, ఆపరేషను రుసుము బయటితో పోలిస్తే చాలా తక్కువ. మందులు, పిన్నులు (ఎముక లోపల దూర్చే కడ్డీలు), ప్లేట్లు మాత్రం తరచుగా బయట కొనుక్కు రమ్మంటారు, కాబట్టి ఉన్న డబ్బంతా దారిలోనే ఖర్చు పెట్టేయకండి. ఇక్కడ దొరికే అసలు లాభం చవకదనం కాదు, ఇలాంటి కేసులు నిత్యం చూసే సర్జరీ ప్రొఫెసర్ల అభిప్రాయం. ఆపరేషను వేరేచోట చేయించుకున్నా సరే, ముందు ఆ అభిప్రాయం తీసుకోవడం మంచిది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఓపీ ఎక్కువగా ఉదయం పూటే. విద్యార్థులకు చూపించి, చెప్పి చేస్తారు కాబట్టి ఆలస్యమవుతుంది. చాలాసార్లు ఆ సాయంత్రమే కుక్కను ఇంటికి పంపేస్తారు. ఇద్దరు వెళ్లండి: ఒకరు పట్టుకోవడానికి, ఇంకొకరు చీటీలకూ మందుల షాపుకూ. ఎంత మంచి కుక్కైనా నొప్పిలో కరుస్తుంది. మీటరు పొడవు గాజ్ గుడ్డ బ్యాండేజీని మూతి చుట్టూ చుట్టి, గడ్డం కింద ముడేసి, చెవుల వెనక కట్టండి. ఆయాసపడుతున్నా, వాంతి చేసుకుంటున్నా మూతి కట్టొద్దు. చేతుల్లో ఎత్తుకోవడం కంటే చెక్క మీదో, కొసలు పట్టుకున్న దుప్పటిలోనో తీసుకెళ్లడం మేలు.

బయల్దేరే ముందు పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. తెల్లగా పాలిపోయి ఉంటే లోపల రక్తం పోతున్నట్టు అనుమానించాలి. అప్పుడు ఓపీ టైము కోసం ఆగకుండా, ఎంతైనా సరే, దగ్గర్లో తెరిచి ఉన్న క్లినిక్‌కు పోవాలి. ఊపిరికి ఎగపోస్తున్నా, దెబ్బ తగిలినప్పటి నుంచి మూత్రం పోయకపోయినా అంతే. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి అదే రోజు చూపించాలి.

మిగతా ఎముక విరుపులకు కొంత వ్యవధి ఉంటుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. చర్మం చీలకుండా ఎముక విరిగితే అదే రాత్రి ఆపరేషను అక్కర్లేదు. మొదటి ఒకటి రెండు రోజులు సెలైన్, నొప్పి మందులతో కుక్క తేరుకునేలా చేయడమే వైద్యం. డబ్బు సమకూర్చుకోవడానికి నాలుగైదు రోజులు దొరుకుతాయి. వారం పది రోజులు దాటితే మాత్రం కండరాలు బిగుసుకుని, విరిగిన కొనలు ఒకదాని మీదొకటి ఎక్కి, సరిచేయడం కష్టమవుతుంది.

ఎక్స్‌రే ఒక్క కోణంలో తీసి సరిపెట్టనివ్వకండి. నిలువుగా ఒకటి, పక్క నుంచి ఒకటి కావాలి; ఒకదాంట్లో నిటారుగా కనిపించిన ఎముక రెండోదాంట్లో పక్కకు జరిగి ఉండొచ్చు. బండి గుద్దిన కేసైతే ఛాతీ కూడా తీయించండి. ఉదర వితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) చిరిగి పేగులు పైకి జారితే మత్తు ఇచ్చాక ప్రాణం మీదికి వస్తుంది.

తర్వాత ప్రశ్న సిమెంటు కట్టా, ఆపరేషనా అనేది. చవక అని కట్టు వైపు మొగ్గేముందు ఒకటి గుర్తుంచుకోండి: విరిగిన చోటుకు పైనా కిందా ఉన్న రెండు కీళ్లూ కదలకుండా పట్టినప్పుడే కట్టు పనిచేస్తుంది. మోకాలి కింద, మోచేతి కింద విరిగితే, ముఖ్యంగా కూనల్లో, సరిపోవచ్చు. తొడ ఎముకకు తుంటి కీలును కట్టులో బిగించలేం. కట్టు కిందికి జారి, దాని బరువే విరిగిన చోటును ఊపుతుంది. పామరేనియన్ లాంటి చిన్న జాతుల్లో ముంగాలి కింది ఎముకకు రక్తప్రసరణ తక్కువ, కట్టుతో అతకక మిగిలిపోయేవి ఎక్కువ. ప్లేటు కంటే పిన్ను చవక, కానీ ఒక్క పిన్ను ఎముక మెలితిరగడాన్ని ఆపలేదు. అందుకు ఏం చేస్తున్నారని డాక్టరుగారిని అడగండి. నుజ్జయిన కాలికి పదేపదే ఆపరేషన్లకు డబ్బు లేనప్పుడు కాలు తీసేయడం క్రూరత్వం కాదు. ఒక్క ఆపరేషనుతో నొప్పి పోతుంది, మూడు కాళ్లతో కుక్కలు బాగా తిరుగుతాయి.

మందుల చీటీలో బ్రాండు పేరుతో పాటు మందు పేరు రాయమని అడగండి. అమోక్సిసిలిన్-క్లావులనేట్ లాంటి యాంటీబయాటిక్‌లు జనౌషధి దుకాణాల్లో చాలా తక్కువకు వస్తాయి. నొప్పి మాత్రల దగ్గర సొంత వైద్యం వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల్లో కడుపులో పుండ్లు తెచ్చి కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఒక్క 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర చాలు, పిల్లి చనిపోవడానికి. మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాస్తే తిండి తర్వాతే ఇవ్వండి. వాంతులు, నల్లటి విరేచనం కనిపిస్తే ఆపి ఫోన్ చేయండి.

ఈ సేవలో పెద్ద లోటు ఇంటి దగ్గరి సంరక్షణ గురించి చెప్పేంత తీరిక వాళ్లకు లేకపోవడం. బాగా కుదిరిన ఆపరేషన్లు కూడా చెడేది ఇక్కడే. ఆరు వారాలు గెంతకూడదు, మెట్లెక్కకూడదు. గది మూలలో బెంచీలు, చెక్కలు అడ్డుపెట్టి, కుక్క లేచి తిరిగి పడుకునేంత చోటు మాత్రమే ఉంచండి. టైల్స్ మీద గోనెపట్టా పరవండి, జారితే పిన్ను కదులుతుంది. నాకకుండా మెడకు వేసే కాలరు కొనలేకపోతే పాత ఎక్స్‌రే ఫిల్మును గరాటులా చుట్టి, మెడ అంచుకు ప్లాస్టరు అంటించండి. ముక్కు కంటే రెండు వేళ్లు ముందుకు రావాలి. లేవలేని కుక్కను నాలుగు గంటలకోసారి రెండో పక్కకు తిప్పాలి. మూత్రం రాకపోతే పొత్తికడుపు నొక్కి తీసే పద్ధతి ఆసుపత్రిలోనే చేసి చూపించమనండి.

పుండు కడగడానికి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాతో చెంచాన్నర ఉప్పు చాలు. బెటాడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లతో పలచన చేయండి. కాఫీపొడి, పసుపు కూరొద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోస్తే కొత్తగా పుట్టే కండ కూడా కాలిపోతుంది. సిమెంటు కట్టు నుంచి బయట ఉంచిన మధ్య వేళ్లను రెండు పూటలా తాకి చూడండి. వాచినా, చల్లబడినా, వాసన వచ్చినా అదే రోజు కట్టు విప్పించాలి.

1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం పల్లెల్లో కట్టుకూ ఇంజెక్షనుకూ అక్కరకొస్తుంది, ఎక్స్‌రేకు మాత్రం ఆసుపత్రికి పోక తప్పదు.

కుక్క నడుస్తోంది కదా అని చాలామంది నాలుగో వారం తర్వాత మళ్లీ వెళ్లరు. వెళ్లాలి. ఎముక అతికిందో లేదో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. వదులైన పిన్ను తుంటి దగ్గర చర్మం కింద గుబ్బలా పొడుచుకొస్తుంది, అది కనిపించిన రోజే తీయించాలి.