ఐకామ్ ఐసి-7300: నలభై మీటర్ల రద్దీలో వెడల్పు గొంతుకు చోటెంత?

పర్లాకిమిడిలో మా డాబా మీద ఇన్వర్టెడ్-వీ (తలకిందుల ‘వి’ ఆకారపు) ఏరియల్ కట్టుకుని, ఐకామ్ ఐసి-7300 ట్రాన్సీవర్‌ను, అంటే పంపడం, వినడం రెండూ చేసే రేడియోను, రెండేళ్లుగా దాదాపు ప్రతి ఉదయం వాడుతున్నాను. 2016లో వచ్చిన ఈ రేడియో గురించి చెప్పవలసిన సంగతులు చాలా ఉన్నప్పటికీ, నేను ఒక్క అంశానికే పరిమితమవుతాను: కిక్కిరిసిన బ్యాండులో ఇది మన గొంతును ఎంత వెడల్పున పంపుతుంది, ఆ వెడల్పు ఎప్పుడు పనికివస్తుంది, ఎప్పుడు పక్కవారికి ఇబ్బందిగా మారుతుంది.

నలభై మీటర్ల బ్యాండులో, అంటే సుమారు అంత తరంగదైర్ఘ్యం గల పౌనఃపున్యాల పట్టీలో, మన దేశపు అమెచ్యూర్లకు (సరదాకు రేడియో నడిపే హామ్‌లకు) దక్కినది 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ వరకు, అంటే మొత్తం 200 కిలోహెర్ట్జ్ మాత్రమే. అందులో పై సగం ప్రసార కేంద్రాల పోటీ లేకుండా మనకు మిగిలింది కూడా 2009 మార్చి 29 నుంచే. అడుగుభాగం మోర్సుకు, 7074 నుంచి మూడు కిలోహెర్ట్జ్‌ల మేర కంప్యూటరుతో పొట్టి సందేశాలు పంపే ఎఫ్‌టి8 పద్ధతికి పోగా, మిగిలిన జాగాలోనే బరంపురం, విశాఖపట్నం, హైదరాబాదు, కొలకత్తా వాళ్లందరూ పొద్దుటి పలకరింపులు ముగించుకోవాలి. ఒక్కొక్క సంభాషణకు మూడు కిలోహెర్ట్జ్ చొప్పున లెక్కవేస్తే మొత్తం బ్యాండులో అరవై ఆరింటికి చోటుంటుంది. క్యారియర్ అనే మోత తరంగానికి రెండు పక్కలా (రెండు సైడ్‌బ్యాండులుగా) గొంతును పంపుతూ ఆరు కిలోహెర్ట్జ్ తినే పాత ఏఎమ్ పద్ధతితో అయితే ముప్పై మూడుకు మించవు.

ఈ రేడియోలో ఎస్‌ఎస్‌బి (క్యారియర్ లేకుండా ఒక్క సైడ్‌బ్యాండునే పంపే పద్ధతి) ప్రసారానికి వైడ్, మిడ్, నారో అని మూడు వెడల్పులు ఉన్నాయి. తయారీదారు అమర్చి ఇచ్చిన ప్రకారం వైడ్ 100 నుంచి 2900 హెర్ట్జ్ వరకు, మిడ్ 300 నుంచి 2700 వరకు, నారో 500 నుంచి 2500 వరకు గొంతును పంపుతాయి. అంచులను మనమే మార్చుకోవచ్చు గాని పై అంచు 2900ను దాటదు. నాలుగు కిలోహెర్ట్జ్, అంతకు మించిన ‘స్టూడియో గొంతు’ కోరుకునే మిత్రులు దీన్ని లోపంగా చెబుతారు. నాకు మాత్రం ఇదే ఈ పెట్టెలోని మంచి గుణంగా కనిపిస్తుంది. 7080 మీద ఎల్‌ఎస్‌బిలో (దిగువ సైడ్‌బ్యాండులో) మాట్లాడేటప్పుడు మన గొంతు డయల్ అంకెకు దిగువనే పరచుకుంటుంది కనుక, వైడ్‌లో దాని అడుగు అంచు 7077.1 దగ్గర ఆగి ఎఫ్‌టి8 గట్టును తాకదు. అదే నాలుగు కిలోహెర్ట్జ్ గొంతయితే 7076 దాకా దిగి, గట్టు దాటి పక్క చేలో పడుతుంది.

వెడల్పులో సుఖం లేదని నేను అనను. మధ్యాహ్నం బ్యాండు పలచబడ్డాక వైడ్ పెట్టి బరంపురం మిత్రుడితో మాట్లాడితే, మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. మన శ, ష, స అక్షరాల తేడాను పట్టించే శబ్దశక్తి ఎక్కువగా పై పౌనఃపున్యాల్లోనే ఉంటుంది కాబట్టి, తెలుగు వినడానికి ఆ పై అంచు కొంత నిండుదనం ఇస్తుంది. అయితే చిక్కు కింది అంచుతోనే వస్తుంది. మగగొంతు మూలస్వరం సుమారు 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. వినసొంపైన ఆ గాంభీర్యం ప్రసారశక్తిలో పెద్ద వాటా తీసుకుంటుంది గాని, మాట అర్థం కావడానికి చేసే సాయం తక్కువ. ఉన్న 100 వాట్లనూ బొంగురుకు ఖర్చు చేసి, అవతలివారు సంకేతనామం మళ్లీ చెప్పమంటే చికాకుపడడం సబబు కాదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇదే రేడియోలో వినే ఫిల్టర్లు తొలి అమరికలో 3.0, 2.4, 1.8 కిలోహెర్ట్జ్‌లుగా ఉంటాయి. రద్దీ వేళ వినేవారు 2.4కో 1.8కో దిగుతారు. అప్పుడు మనం పంపిన అదనపు వెడల్పు వారి చెవికి చేరదు గాని, బ్యాండులో చోటు మాత్రం ఆక్రమిస్తుంది. మన కోసం ఎవరైనా ఫిల్టరును 1.8 నుంచి 3.0కు తెరిస్తే, గొంతుతో పాటు సుమారు 2.2 డెసిబెల్ రొద కూడా లోపలికి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, పక్కవారికి తగిలే ‘వెడల్పు’లో ఎక్కువ పాలు ఈ మూడు అమరికల వల్ల కాక, మైకు గెయిన్, కంప్రెసర్ (గొంతులోని హెచ్చుతగ్గులను సమం చేసే అమరిక) శ్రుతి మించడం వల్ల వస్తుంది. కొన్న కొత్తలో నేను బాస్‌ను పైకి తిప్పి, ప్రసారం హద్దు మీరకుండా చూసే ఏఎల్‌సి ముల్లును గీత దాటించి, చాలా గర్వంగా మాట్లాడేవాణ్ణి. శ్రీకాకుళం వైపు నుంచి ఒక పెద్దాయన ఓపిగ్గా విని, “బాబూ, గొంతు బ్రహ్మాండంగా ఉంది గాని, అయిదు కిలోహెర్ట్జ్ అవతల కూర్చున్న మాకు కూడా వినబడుతోంది” అన్నారు. ఆ పూట తప్పు నాదే, రేడియోది కాదు. మీటరు చెబుతూనే ఉంది, నేను చూడలేదు. అప్పటి నుంచి ఏఎల్‌సిని గీత లోపలే ఉంచి, కంప్రెసర్ వాడినప్పుడు బాస్‌ను తగ్గిస్తున్నాను.

ఈ విషయంలో రేడియో తెర చేసే మేలు చాలా పెద్దది. బ్యాండులోని సంకేతాలను బొమ్మగా చూపే వాటర్‌ఫాల్‌లో పక్క సంభాషణ ఏ అంచున ఆగిందో కంటికి కనిపిస్తుంది కనుక, ఖాళీ జాగాను ఊహించుకుని దూరే అలవాటు నాకు తగ్గింది. ఏఎమ్ కూడా ఉంది గాని క్యారియర్ 25 వాట్లే. నూరుశాతం మాడ్యులేషన్‌లో సైతం రెండు సైడ్‌బ్యాండులకూ కలిపి దక్కేది 12.5 వాట్లు. పొద్దుటి నలభై మీటర్లలో దానికి చోటూ లేదు, ఫలితమూ లేదు.

మా ఊరికి 1900లో నౌపడా నుంచి నారో గేజి రైలు వచ్చింది. దాన్ని బ్రాడ్ గేజిగా మార్చాలని ఏళ్ల తరబడి కోరుకున్నవాళ్లం మేము. రేడియో దగ్గరికి వచ్చేసరికి ఆ కోరిక తిరగబడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను చీకట్లో ముంచినప్పుడు, పాత సెట్టును బ్యాటరీ మీద నడిపి, సన్నని గొంతుతో పంపిన మాటలే రొదలోంచి చీల్చుకుని అవతలికి చేరాయి. ఆ పనికి ఐసి-7300లోని నారో, కంప్రెసర్ జోడీ చక్కగా సరిపోతుంది. అయితే పూర్తి శక్తితో ఇది 21 ఆంపియర్ల దాకా లాగగలదు కనుక, బ్యాటరీ మీద వాడేవారు వాట్లు తగ్గించుకోక తప్పదు.

నా సెట్టులో ఇప్పుడు నలభై మీటర్లకు మిడ్‌నే స్థిరపరచుకున్నాను. వైడ్‌ను పది మీటర్ల బ్యాండు కోసం అట్టిపెట్టాను. అక్కడ 28 నుంచి 29.7 మెగాహెర్ట్జ్ వరకు 1700 కిలోహెర్ట్జ్ మైదానం ఉంది. బ్యాండు తెరుచుకున్న ఆదివారాల్లో బొంగురును ఎంత పరిచినా అడిగేవారు ఉండరు.