బార్సిలోనాలో అమ్మానాన్నలతో: బస ఎక్కడ, బ్యాగు ఎక్కడ

బార్సిలోనా వెళ్తున్నామంటే వెళ్లొచ్చిన వాళ్లందరూ ఒకటే మాట చెప్పారు: "జేబులు జాగ్రత్త." నిజమే, కానీ ఎక్కడ, ఏ క్షణంలో జాగ్రత్తపడాలో ఎవరూ చెప్పలేదు. పొద్దస్తమానం బ్యాగు గుండెలకు హత్తుకుని తిరిగితే ఊరు చూసిన సంతోషమే ఉండదు, అందులోనూ పెద్దవాళ్లు వెంట ఉంటే. అక్కడ తిరిగాక నాకు తేలిందేమిటంటే, మీదపడి లాక్కునేవాళ్ల కంటే తెలియకుండా తీసేసేవాళ్లే ఆ ఊళ్లో చాలా ఎక్కువ. అది కూడా చీకటి సందుల్లో కాదు. పట్టపగలు, జనం మధ్య, మన చూపు ఇంకో దాని మీదున్న నాలుగైదు సెకన్లలో. ఆ సెకన్లు ఎక్కడెక్కడ వస్తాయో ముందే తెలిస్తే మిగతా రోజంతా హాయిగా తిరగొచ్చు.

సామాను దించే చోటే ఆ సెకన్లు మొదలవుతాయి, అందుకే బస గురించి ముందు చెబుతాను. మేం మొదట దిగింది పాత ఊరైన గోతిక్ క్వార్టర్‌లో, పర్యాటకులు తిరిగే లా రాంబ్లా వీధికి దగ్గర్లోని ఒక అపార్ట్‌మెంట్‌లో. పాత రాతి గోడలు, ఇనుప బాల్కనీ, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ వీధి తలుపు తాళం సరిగ్గా పడదు, లిఫ్ట్ లేదు, రిసెప్షన్ అసలే లేదు. నేను ఒక సూట్‌కేసు మూడో అంతస్తుకు మోస్తుంటే, మిగతా సామాను దగ్గర అమ్మ ఒక్కతే ఆ ఇరుకు సందులో నిలబడాల్సి వచ్చింది. తాళం సంగతి యజమానికి మెసేజ్ పెడితే, "అందరూ అలాగే ఉంటున్నారు" అని జవాబు. మర్నాడే ఖాళీ చేశాం.

తర్వాత ఎషాంప్లాలో ఒక మామూలు హోటల్‌కి మారాం. 1859లో సెర్దా అనే ఇంజినీరు వేసిన నగర ప్రణాళిక ప్రకారం కట్టిన ప్రాంతమది. వీధులు వెడల్పుగా, తిన్నగా ఉంటాయి. ప్రతి కూడలిలోనూ భవనాల మూలలు ఏటవాలుగా కోసినట్టుంటాయి కాబట్టి మలుపు తిరగకముందే అవతల ఎవరున్నారో కనిపిస్తుంది. రాత్రి భోజనం చేసి నడిచొస్తుంటే కిందంతా తెరిచిన కేఫులు, కుక్కలను తిప్పే ముసలివాళ్లు. గది చిన్నదే, బ్రేక్‌ఫాస్ట్ అంతంతమాత్రమే. అయినా గదిలో లాకర్, రాత్రంతా మనిషి ఉండే రిసెప్షన్, కింద దాకా వచ్చే టాక్సీ ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు సముద్రం కనిపించే గది కంటే ఈ మూడూ ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. కుర్రాళ్లయితే గోతిక్ క్వార్టర్‌లో ఉండొచ్చు, అక్కడి రాత్రుళ్ల అందం వేరు. ఎల్ రవాల్‌లో మాత్రం చవకగా దొరికింది కదా అని వీధి చూడకుండా బుక్ చేయొద్దు. మంచి మ్యూజియం ఉన్న ఆ పేటలోనే అర్ధరాత్రి ఇబ్బందిపెట్టే సందులూ ఉన్నాయి.

అపార్ట్‌మెంటే కావాలంటే ప్రకటనలో టూరిస్ట్ లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. నంబరు లేని చోట ఏం జరిగినా అడిగే దిక్కుండదు. ఉన్న లైసెన్సులను కూడా 2028 నవంబరు నాటికి ఆపేస్తామని నగరపాలక సంస్థ 2024లో ప్రకటించింది. చెక్ ఇన్‌లో పాస్‌పోర్ట్ వివరాలు రాసుకుంటే కంగారు పడకండి, అతిథుల వివరాలు నమోదు చేయాలన్నది అక్కడి చట్టం.

ఇక మెట్రో. శుభ్రంగా, వేగంగా ఉంటుంది, నాకు చాలా నచ్చింది. పది ప్రయాణాల టీ-కాజువల్ టికెట్ ఒక్కో మనిషికి ఒక్కోటి తీసుకోవాలి, ఒకదాని మీద ముగ్గురు వెళ్లడం కుదరదు. విమానాశ్రయం మెట్రో స్టేషన్లలో అది చెల్లదు కూడా. ఊళ్లో మేం ఎక్కువగా ఎక్కింది ఆకుపచ్చ లైను, అంటే ఎల్3. పర్యాటకుల బండి అది, కాబట్టి దొంగల బండి కూడా అదే.

ఒకరోజు పసేచ్ ద గ్రాసియా స్టేషన్లో ఎక్కుతుంటే మా ముందున్న మనిషి సరిగ్గా తలుపులో ఆగి, తాళాలు జారిపడ్డట్టు వంగాడు. వెనకనుంచి ఇద్దరు అమ్మాయిలు తోసుకొచ్చారు. నాన్న చొక్కా జేబు మీద ఒక మడిచిన జాకెట్ ఆనింది. ఆ జాకెట్ కింద చెయ్యి కదలడం నాకు స్పష్టంగా కనిపించింది. నేను గట్టిగా "నాన్నా, జేబు!" అని అరిచాను, తెలుగులోనే. ముగ్గురూ తలుపులు మూసుకునేలోగా దిగిపోయారు, ముఖంలో ఏ తొట్రుపాటూ లేదు. జేబులో ఉన్నది ఆ పూట ఖర్చుకు పెట్టుకున్న డబ్బే. కార్డులు, పెద్ద నోట్లు బనీను జేబులో ఉన్నాయి. అప్పటినుంచి మా పద్ధతి ఒకటే: తలుపు దగ్గర ఎవరైనా ఆగితే మేం వెనక్కి తగ్గి తర్వాతి బండి ఎక్కేవాళ్లం. అక్కడ రైళ్లు నిమిషాల్లో వస్తాయి, తొందరపడాల్సిన పనే లేదు.

చొక్కా మీద ఏదో పడిందని తుడవడానికి వచ్చేవాళ్లు, సంతకం పెట్టమని అట్ట పట్టుకొచ్చేవాళ్లు కూడా ఇదే తరహా. ఆగకుండా నడిచి ఏదైనా షాపులోకి వెళ్లిపోవడమే మందు. సగ్రాదా ఫమీలియా చర్చి లోపలికి సమయం వేసిన ఆన్‌లైన్ టికెట్‌తో వెళ్తాం కాబట్టి లోపల తీరిగ్గా ఉంటుంది. బయట తలెత్తి గోపురాలు చూసే చోటే బ్యాగు ముందుకు తిప్పుకోవాలి. లా రాంబ్లా ఒక్కసారి నడిస్తే చాలు, అక్కడ టేబుల్ మీద ఫోన్ పెట్టి కూర్చోకండి.

బీచ్‌లలో బార్సెలొనేటా పేరున్నది, కిక్కిరిసి ఉంటుంది. పడుకున్న మనిషి తలపక్క బ్యాగు మాయమవడం అక్కడ మామూలు. కొంచెం ఉత్తరంగా బోగటెల్ దాకా వెళ్తే జనం పలచబడతారు, మాకు అదే నచ్చింది. అందరూ ఒకేసారి నీళ్లలోకి దిగకుండా ఒకరు సామాను దగ్గర ఉండాలి. మధ్యధరా సముద్రం కదా, అలలుండవనుకోవద్దు. పసుపు జెండా ఉంటే ఒడ్డునే ఉండండి, ఎర్ర జెండా ఉంటే దిగనే దిగొద్దు.

అత్యవసరానికి నంబరు 112. బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు పోలీసులను మోసోస్ దెస్క్వాద్రా అంటారు. మా హోటల్‌లో ఒక తమిళ కుటుంబానికి హ్యాండ్‌బ్యాగుతో పాటు పాస్‌పోర్ట్ పోయింది. వాళ్లకు తోడుగా నేనూ స్టేషన్‌కి వెళ్లాను. కూర్చోవడం చాలాసేపే అయింది గానీ మర్యాదగా మాట్లాడి, ఫిర్యాదు రాసుకుని, ముద్ర వేసిన కాగితం ఇచ్చారు. "దెనూన్సియా" అంటారు దాన్ని. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి, పాస్‌పోర్ట్ బదులు ఇంటికి రావడానికి ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కోసం మన కాన్సులేట్‌కి వెళ్లడానికి అదే ఆధారం. వాళ్ల ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫోటో, వీసా పేజీ ఫోటో ఉండబట్టి పని తేలికైంది. షెంగెన్ వీసా కోసం తీసుకునే ఇన్సూరెన్స్‌లో 30,000 యూరోల వైద్య ఖర్చు తప్పనిసరి గానీ సామాను దొంగతనం తప్పనిసరి కాదు. పాలసీ కొనేటప్పుడే ఆ లైను ఉందో లేదో చదివి, లేకపోతే వేరేది తీసుకోండి.

తిరుగు ప్రయాణానికి పెద్దవాళ్లుంటే నలుపు-పసుపు టాక్సీయే నయం, హోటల్ వాళ్లే పిలుస్తారు. ఒంటరిగా, తక్కువ సామానుతో అయితే ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాసా కటలూనియా కూడలి నుంచి విమానాశ్రయానికి వెళ్లే ఏరోబస్ బాగుంటుంది. టెర్మినల్ 1కి ఏ1, టెర్మినల్ 2కి ఏ2. సూట్‌కేసును బస్సులోని ర్యాక్‌లో పెట్టినా, పాస్‌పోర్ట్ ఉన్న బ్యాగు మాత్రం ఒళ్లోనే ఉంచుకోండి.