నడిరోడ్డు మీద ఆగిపోయిన హైబ్రిడ్ పికప్: నా పదకొండు నెలల అనుభవం

నేను టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాను. వారంలో ఐదు రోజులు ఉద్యోగం, శని ఆదివారాలు డెకరేషన్లు. ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు, బారసాలలు, గృహప్రవేశాలు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో వీటికి కొదవ లేదు. ఆరేళ్ల పాటు మినీవ్యాన్‌లో వెనక సీట్లు మడిచి సామాను మోశాను. నిలువెత్తు ఇత్తడి దీపపు సెమ్మెలు రెండు, చెక్క ఊయల, బ్యాక్‌డ్రాప్ ఇనుప ఫ్రేములు, పీటలు. అరటి చెట్లు తేవాల్సి వస్తే ఆకులు చిరిగిపోయేవి. అందుకే పోయిన ఆగస్టులో కొత్త హైబ్రిడ్ పికప్ కొన్నాం, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటార్లు ఉండి, వెనక సామానుకు తెరిచిన తొట్టి ఉండే బండి. కేసు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు, డీలర్ పేరు రాయడం లేదు.

బండిలో బాగున్నవి ముందు చెప్తాను. గ్యాస్ (పెట్రోలు) ఖర్చు నెలకు 310 డాలర్ల నుంచి 190కి తగ్గింది. వెనక సామాను పెట్టే చోట 120 వోల్టుల ప్లగ్ ఉంది. పార్కులో సీమంతం చేసినప్పుడు లైట్లు, చిన్న స్పీకర్ దాని మీదే నడిపాను, జనరేటర్ గోల లేకుండా. ఎత్తు తక్కువ కాబట్టి ఊయల నేనొక్కదాన్నే ఎక్కించగలిగాను. మొదటి ఆరు నెలలు అడిగినవాళ్లందరికీ ఇదే కొనుక్కోమని చెప్పాను. అలా చెప్పినందుకే ఇప్పుడు ఇదంతా రాయాలి.

ఫిబ్రవరిలో ఒక శనివారం, పొద్దున 7:40. ఇర్వింగ్‌లో ఓణీల ఫంక్షన్, ముహూర్తం పదిన్నరకి. నా పక్కన అమ్మ ఉంది, తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది. వెనక సీట్లో తొమ్మిదేళ్ల మా అమ్మాయి, ఒళ్లో బంతిపూల బుట్ట. 121 టోల్‌వే మీద మధ్య లేన్‌లో 70 మైళ్ల వేగంతో వెళ్తున్నాను. లూయిస్‌విల్ దగ్గరికి వచ్చేసరికి టింగుమని మోగింది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం. హైబ్రిడ్ సిస్టమ్‌లో లోపం ఉంది, బండి పక్కకు ఆపమని మెసేజ్.

యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ లేదు. పూర్తిగా నేలకు నొక్కినా లేదు. 70 కాస్తా 55, తర్వాత 40. వెనక పెద్ద ట్రక్కు ఒకటే హారన్. "ఏమైందే, ఎందుకు స్లో చేశావు?" అని అమ్మ అడుగుతోంది, నాకు నోట మాట రావడం లేదు. కుడి లేన్‌లో రెండు కార్లు పోయేదాకా ఆగి, ఆ మిగిలిన వేగంతోనే రోడ్డు అంచున ఉండే షోల్డర్ మీదికి లాగాను. స్టీరింగ్ అప్పటికే బిగుసుకుంటోంది. బండి ఆగేటప్పటికి ఎడమ చక్రాలు ఇంకా తెల్లగీత మీదే ఉన్నాయి.

ముగ్గురం కుడి తలుపుల నుంచి దిగి రెయిలింగ్ అవతలికి వెళ్లి నిలబడ్డాం. అమ్మకి పట్టుచీర, పైన పల్చటి శాలువా, ఆ గాలి. ఒక్కో ట్రక్కు పోతుంటే కాళ్ల కింద నేల అదిరింది. మా అమ్మాయి పూలబుట్ట వదల్లేదు. ఆగిన బండిని లాక్కెళ్లే టో ట్రక్కు రావడానికి 52 నిమిషాలు పట్టింది. ఈలోపు మా ఆయన పాత మినీవ్యాన్ వేసుకొని వచ్చారు. షోల్డర్ మీద సామాను దించడం ప్రమాదమని, ముందున్న ఎగ్జిట్‌లో గ్యాస్ స్టేషన్ దాకా బండిని లాగించి అక్కడ సెమ్మెలు, ఫ్రేములు మార్చుకున్నాం. హాలుకి చేరేసరికి 10:05. ఆ అమ్మాయి వాళ్లమ్మ నా మొహం చూసి, "అక్కా, ముందు కూర్చోండి, మంచినీళ్లు తాగండి, డెకరేషన్ తర్వాత చూద్దాం" అంది. ఆ మాట నేను మర్చిపోలేను.

డీలర్ దగ్గర బండి ఆరు రోజులుంది. ఆరో రోజు సర్వీస్ అడ్వైజర్ ఫోన్ చేసి, ఎంత నడిపినా సమస్య మళ్లీ కనిపించలేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం, వచ్చి తీసుకెళ్లండి అన్నాడు. అక్కడ నిలబడి రిపేర్ ఆర్డర్, అంటే మన ఫిర్యాదు, వాళ్లు చేసిన పని రాసే కాగితం, చదివాను. "కస్టమర్‌కు పవర్ తగ్గినట్టు అనిపించింది" అని రాసి ఉంది. నాకు అనిపించలేదు, జరిగింది. 70 మైళ్ల వేగంలో పవర్ పూర్తిగా పోయిందని, స్టీరింగ్ బిగుసుకుందని, టో చేయించామని రాస్తేనే సంతకం పెడతానన్నాను. పావుగంట వాదన తర్వాత మార్చారు. ఇప్పుడు నా చేతిలో ఉన్న కాగితాలన్నిటిలో నాకు ఎక్కువగా పనికొస్తున్నది ఆ ఒక్క లైనే.

రెండోసారి ఏప్రిల్‌లో. స్కూలు ముందు ఎడమవైపు తిరుగుతుంటే కూడలి మధ్యలో ఆగిపోయింది. వేగం లేదు కాబట్టి బతికిపోయాం. స్కూలు దగ్గర డ్యూటీలో ఉన్న గార్డు, ఇంకో తండ్రి కలిసి తోశారు. మళ్లీ ఐదు రోజులు, మళ్లీ అదే జవాబు. మూడోసారి జూన్‌లో, మా ఇంటి ముందే. అసలు స్టార్ట్ కాలేదు.

ఆ మూడోసారి డీలర్ దగ్గర పెద్దవయసు టెక్నీషియన్ ఒకాయన దొరికారు. ఓపిగ్గా బండి కిందికి తీసుకెళ్లి చూపించారు. ఇలాంటి హైబ్రిడ్‌లో ఇంజన్ ఒక్కటే చక్రాలను తిప్పలేదు, మోటార్లు కూడా పనిచేయాలి. హై వోల్టేజ్ బ్యాటరీ లైన్‌లో కరెంటు బాడీకి లీకవుతోందని కంప్యూటర్‌కి అనుమానం వస్తే, మనుషులకు షాక్ కొట్టకుండా ఆ బ్యాటరీని తెంపేస్తుంది. అప్పుడు మోటార్లూ ఆగిపోతాయి, వాటితో పాటు ఇంజన్ కూడా పనికిరాకుండా పోతుంది. ఈ బండిలో ఆల్టర్నేటర్ లేదు. చిన్న 12 వోల్టుల బ్యాటరీకి ఛార్జింగ్ కూడా ఆ పెద్ద బ్యాటరీ నుంచే రావాలి. అందుకే స్టీరింగ్ లాంటివి కూడా ఎక్కువసేపు నిలవవు. నా బండిలో కింద ఒక కనెక్టర్‌లోకి నీళ్లు చేరి తుప్పు పట్టింది. వానపడ్డ మర్నాడు ఒకసారి, కార్ వాష్ చేయించిన రోజు ఒకసారి. తారీఖులు సరిచూసుకుంటే సరిపోయాయి. పొడి రోజుల్లో వాళ్లు పరీక్షించారు కాబట్టి కనిపించలేదు. ఆ భాగం స్టాక్ లేదట, వచ్చేదాకా ఆగాలట.

ఇది కాక రివర్స్ కెమెరా. నాలుగుసార్లు గేర్ రివర్స్‌లో వేయగానే స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. ఇది చిన్న విషయమని అడ్వైజర్ అన్నాడు. నాకు చిన్నది కాదు. నేను బండి వెనక్కి తీసేది ఫంక్షన్ ఉన్న ఇళ్ల ముందు, పట్టులంగాలు కట్టుకున్న పిల్లలు పరిగెడుతుండే చోట. అమెరికాలో 2018 మే 1 నుంచి కొత్త కార్లు, పికప్‌లు అన్నిటికీ రివర్స్ కెమెరా తప్పనిసరి. రివర్స్ వేసిన 2 సెకన్లలో బొమ్మ కనిపించాలని నియమం. ఆ నియమానికి మూలమైన చట్టానికి ఒక రెండేళ్ల బాబు పేరు పెట్టారు. ఇంటి ముందు రివర్స్ చేస్తున్న సొంత తండ్రి బండి కింద పడి చనిపోయిన బాబు. అది చదివాక నేను స్క్రీన్ నల్లబడ్డ ప్రతిసారీ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకున్నాను.

బ్రేకుల సంగతి కూడా చెప్పాలి. నెమ్మదిగా బ్రేక్ వేస్తూ గుంత మీదికో, పగిలిన సిమెంటు రోడ్డు మీదికో ఎక్కితే ఒక్క క్షణం పెడల్ ఖాళీ అయినట్టుంటుంది, బండి ముందుకు జారుతుంది. హైబ్రిడ్‌లో మోటారు వేసే బ్రేకు, మామూలు బ్రేకు రెండూ కలిసి పనిచేస్తాయి. చక్రం జారిందని కంప్యూటర్ అనుకోగానే మోటారు బ్రేకును వదిలి మామూలు బ్రేకుకు మారుతుంది. ఆ మారే క్షణంలో వచ్చేది ఇది. ఇలాంటి ఫిర్యాదుల మీదే 2010 ఫిబ్రవరిలో టయోటా కంపెనీ ప్రియస్, దాంతోపాటు మరికొన్ని హైబ్రిడ్లు, ప్రపంచం మొత్తం మీద సుమారు 4 లక్షల 37 వేల బండ్లను రీకాల్ చేసి, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచి, సాఫ్ట్‌వేర్ మార్చింది. నా బండికి "ఇది మామూలే" అని రాసిచ్చారు. కావచ్చు. కానీ కొనేముందు టెస్ట్ డ్రైవ్‌లో నున్నటి రోడ్డు మీదే తిప్పకండి, గుంతలున్న వీధిలో బ్రేక్ వేసి చూడండి.

ఏప్రిల్ తర్వాత నేను చేసిన మంచి పని, వాహనాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి ఫిర్యాదు పెట్టడం. వాళ్ల వెబ్‌సైట్‌లో ఇరవై నిమిషాల పని. 17 అక్షరాలు, అంకెలుండే విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు), ఏ రోజు, ఎంత వేగం, ఏం జరిగింది. అంతే. ఒక నంబరు ఇస్తారు. ఫిర్యాదులు అందరూ చదవొచ్చు, మన పేరు మాత్రం కనిపించదు. మా మోడల్ ఫిర్యాదులు ఒక రాత్రి కూర్చొని చదివాను. పిల్లల్ని కారులో పెట్టుకొని హైవే మీద ఆగిపోయినవాళ్లు నేనొక్కదాన్నే కాదని తెలిశాక ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ బండి నడపడం నాకు రాదేమో అన్నట్టు డీలర్ దగ్గర మాట్లాడారు మరి.

ఫిర్యాదు పెట్టగానే రీకాల్ వచ్చేయదు. ఒకేరకం ఫిర్యాదులు పోగైతే వాళ్లు విచారణ మొదలుపెడతారు, లేదంటే కంపెనీయే ముందుకొస్తుంది. రీకాల్ అయితే ఆ రిపేరుకు డబ్బు తీసుకోరు, ఓనర్లకు ఉత్తరం పంపాలి. రీకాల్ వచ్చినంత మాత్రాన నిశ్చింత అని కూడా కాదు. నా బండికి సంబంధం లేని ఉదాహరణ ఒకటి చెప్తాను. 2022 జులైలో ఫోర్డ్ కంపెనీ మావరిక్ హైబ్రిడ్ పికప్‌తో పాటు ఎస్కేప్, లింకన్ కోర్సెయిర్ హైబ్రిడ్లను, దాదాపు లక్ష బండ్లను రీకాల్ చేసింది. ఇంజన్ పాడైతే కారిన నూనె, పెట్రోలు ఆవిరి వేడి భాగాల దగ్గర చేరి మంటలు రావచ్చని. వాళ్లు చేసిన రిపేరు, కింద ఉన్న షీల్డుకు రంధ్రాలు వేయడం, ముందు గ్రిల్ షట్టర్ రెక్కలు కొన్ని తీసేయడం. అది చాలక 2023లో దాదాపు 1 లక్ష 25 వేల బండ్లను మళ్లీ పిలిచారు. అందుకని ఉత్తరం వచ్చాక ఆ రిపేరులో ఏం చేస్తారో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు నా కేసు. టెక్సస్‌లో లెమన్ లా ఉంది, ఎన్నిసార్లు రిపేరు చేసినా బాగుపడని కొత్త బండ్ల కోసం పెట్టిన చట్టం. దాన్ని టెక్సస్ డీఎంవీ (రాష్ట్ర మోటారు వాహనాల శాఖ) చూస్తుంది. ప్రాణానికి ముప్పు తెచ్చే లోపం అయితే, కొన్న 24 నెలలు లేదా 24,000 మైళ్ల లోపల రెండుసార్లు రిపేరుకు ఇచ్చినా పోకపోతే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు పంపి ఒక అవకాశం ఇవ్వాలి. ఫీజు 35 డాలర్లు. నా బండి 14,200 మైళ్లు తిరిగింది. రెండుసార్లు ఆగినట్టు రిపేర్ ఆర్డర్లు, టో రసీదు, టోల్‌వే మీద మా ఆయన తీసిన ఫోటోలు, కెమెరా వీడియోలు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి పంపాను. ఫిబ్రవరిలో ఆ లైను మార్పించకపోయి ఉంటే మొదటిసారి లెక్కలోకే వచ్చేది కాదు.

రేటింగ్ ఇవ్వాలంటే: బండికి ఐదులో రెండు, ఆ రెండూ గ్యాస్ ఖర్చుకు, ప్లగ్‌కు. డీలర్ సర్వీస్‌కు ఒకటి. ఆ టెక్నీషియన్ గారికి మాత్రం ఐదు. ఇలాంటి బండి ఇప్పటికే మీ దగ్గరుంటే, ఎర్ర త్రికోణం ఒక్కసారి వచ్చి పోయినా ఫోటో తీసి, ఆ రోజు వాన పడిందో లేదో రాసి పెట్టుకోండి. పిల్లలతో హైవే ఎక్కేముందు బండిని డీలర్ దగ్గర చూపించండి.

బండి డీలర్ దగ్గరే ఉంది, కనెక్టర్ కోసం ఇవాళ్టికి 23వ రోజు. రిపేరు అయ్యేదాకా వాడుకోమని లోనర్ కారు ఇచ్చారు, అందులో ఊయల పట్టదు. వచ్చే శనివారం ప్లానోలో సీమంతం ఉంది, అద్దె వ్యాన్ బుక్ చేశాం. అమ్మ తెనాలి తిరిగి వెళ్లిపోయింది. రోజూ ఫోన్‌లో మొదట అడిగేది మాత్రం, "ఆ బండి ఎక్కడం లేదు కదా?" అనే.