రాకెట్ మోటార్ల పేరుతో తారాజువ్వలు అంటగడుతున్నారు, జాగ్రత్త

హైదరాబాద్‌లో ఎవరైనా మోడల్ రాకెట్ మోటార్లు, అంటే బొమ్మ రాకెట్‌ను పైకి ఎగరేసే పేలుడు మందు గొట్టాలు, కొనబోతుంటే డబ్బు కట్టేముందు ఇది చదవండి. నాకు అమ్మినవి మోటార్లు కావు, పైన కొత్త చీటీ అంటించిన తారాజువ్వలు. మొదటిదే మా అమ్మాయి ఎదుట పేలింది.

నా పదో ఏట మేనమామ అమెరికా నుంచి ఎస్టెస్ కంపెనీ మోడల్ రాకెట్ కిట్ తెచ్చారు. బాల్సా చెక్క రెక్కలను గరుకు కాగితంతో రుద్దుతూ ఒక వేసవంతా గడిపాను. 2022 నవంబరు 18న మన నగరానికి చెందిన స్కైరూట్ కంపెనీ వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్ శ్రీహరికోట నుంచి లేచినప్పుడు ఆ వేసవి గుర్తొచ్చింది. ఈ ఏడాది సొంతంగా రాకెట్ తయారుచేసే పని మొదలుపెట్టాం. స్విచ్చి, వైర్లు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను. గొట్టం, రెక్కలు అమ్మాయీ నేనూ కలిసి చేశాం.

మోసపోయింది మోటార్ల దగ్గరే. ఫోనులో పరిచయమైన వ్యాపారి మూడింటికి 2,400 రూపాయలు తీసుకుని, పైన ‘బొమ్మలు’ అని రాసిన పార్సిల్ పంపాడు. మందు ఉన్న సరుకుకు ఆ పేరెందుకని నేను అప్పుడే అడగవలసింది.

చీటీ మీద ‘సి6-5’ అని ఉంది. ‘సి’ మోటార్ మొదటి నుంచి చివరి వరకు ఇచ్చే మొత్తం తోపు (ఇంపల్స్) 5 నుంచి 10 న్యూటన్-సెకన్ల మధ్య ఉంటుంది. 6 అంటే న్యూటన్లలో సగటు తోపు. 5 అంటే తోపు ఆగిన ఐదు సెకన్లకు ప్యారాచూట్‌ను బయటికి నెట్టే మందు అంటుకుంటుందని. మాది రాకెట్‌కు దారి చూపే కడ్డీని కూడా దాటలేదు, నిలబెట్టిన చోటే పేలిపోయింది. మోడల్ రాకెట్ల భద్రతా నియమం ప్రకారం పదిహేను అడుగుల దూరంలోనే నిలబడ్డాం. ఆ లెక్క అసలు మోటార్లకే కానీ దీనికి కాదు. కాలిన రెక్క ముక్క అమ్మాయి చెప్పు పక్కన వచ్చి పడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మిగిలిన రెండింటినీ బకెట్ నీళ్లలో వేశాను. తెల్లారేసరికి చీటీ ఊడి, కింద గులాబీ రంగు కాగితం, దాని మీద సగం లక్ష్మీదేవి బొమ్మ కనిపించాయి. ఆ వ్యాపారిని అడిగితే ‘మందు సామానుకు గ్యారంటీ ఉండదు’ అన్నాడు. తర్వాత ఫోను ఎత్తలేదు.

అసలు సి6 మోటార్ 18 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అక్షరాలు గొట్టం మీదే అచ్చయి ఉంటాయి. అడుగున గట్టి మట్టి బిళ్ల, దానికి సరిగ్గా నడిమధ్యన రంధ్రం ఉంటుంది. నాకొచ్చిన వాటిలో రంధ్రం పక్కకు జరిగి ఉంది. చూసి కూడా పట్టించుకోలేదు, తప్పు నాదే. అమ్మేవారిని లైసెన్సు చూపించమని అడగండి. 2008 పేలుడు పదార్థాల నిబంధనలు ఉన్నది అందుకే. ఇలాంటివి ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే వెలిగించవద్దు, కోసి చూడవద్దు, రాత్రంతా నీళ్లలో నాననివ్వండి.

అమ్మాయి మాత్రం రాకెట్లు వదల్లేదు. ఇప్పుడు రెండు లీటర్ల సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి ఎగరేస్తోంది.