వాన పడ్డ రొయ్యల గుంట: పై నీరు తీసేయాలా, ఏరియేటర్లు తిప్పాలా?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ప్రకాశం తీరంలో గట్టి వాన పడిన ప్రతిసారీ గట్ల మీద ఇదే వాదన. తూము తెరిచి పై నీరు వదిలేయమని కొందరంటారు. ఏరియేటర్లన్నీ (నీటిని చిలికి గాలి పట్టించే యంత్రాలు) ఆన్ చేసి కలిపేయమని ఇంకొందరంటారు. నా మాట ముందే చెప్తాను. మామూలు వానకు కలపడమే మేలు. తుపాను వానకు ముందు తీసి, తర్వాత కలపాలి. "అదే కలుస్తుందిలే" అని వదిలేయడం మాత్రం రెండింటికన్నా చెడ్డది.

ఎందుకంటే అది కలవదు. వాన నీరు చల్లన, చప్పన. గుంట నీరు వెచ్చన, ఉప్పన. చల్లటి నీరు బరువు కాబట్టి దిగిపోవాలి కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఉప్పుదే పైచేయి. 30 డిగ్రీల దగ్గర ఒక్క పీపీటీ (వెయ్యి పాళ్లకు ఒక పాలు) ఉప్పు తేడాను సరిచేయాలంటే రెండు, రెండున్నర డిగ్రీల చల్లదనం కావాలి. 15 పీపీటీ గుంటలో ఐస్ వేసిన మంచినీళ్లు పోసినా పైనే తేలతాయి.

ఇక అసలు చిక్కు. నీటిలో వేడి పాకే వేగం, ఉప్పు పాకే వేగానికి సుమారు వంద రెట్లు. కింది వేడి పై పొరలోకి ఎక్కుతుంది. అడుగు నుంచి వేడెక్కిన పై పొర తనలో తాను తిరుగుతుంది. వేడి పోగొట్టుకున్న కింది పొర కూడా తనలో తాను తిరుగుతుంది. నడిమి హద్దు మాత్రం చెదరదు. వేడి, ఉప్పు రెండూ కలిసి నడిపే సంవహనం (నీరు తనంతట తాను కిందికీ పైకీ తిరగడం) ఇది. కొన్ని గంటలకు థర్మామీటరు పైనా కిందా ఇంచుమించు ఒకటే చూపిస్తుంది, నీరు కలిసిందనుకుంటాం. ఆక్సిజన్ కూడా ఉప్పులాగే నెమ్మదిగా పాకుతుంది. అంటే కింది వేడి పైకి వెళ్లిపోతుంది గానీ పై ఆక్సిజన్ కిందికి రాదు. మనం పెంచే వనామి రకం రొయ్య తిరిగేదేమో అడుగునే.

మర్నాడు ఎండ కాస్తే ఇంకో బాధ. కింది ఉప్పు నీరు వేడెక్కినా బరువు వల్ల పైకి లేవలేదు. రొమేనియాలోని మెద్వె అనే ఉప్పు సరస్సులో ఇలాగే మీటరు పైచిలుకు లోతున 70 డిగ్రీల దాకా వేడి నిలిచిందని 1902లోనే రాశారు. మన గుంటల్లో నీటి రంగు వల్ల ఎండ అంత లోతుకు దిగదు కానీ పద్ధతి అదే. ఎండాకాలంలో ఈ పేచీ ఉండదు. ఆవిరి వల్ల పై నీరే ఉప్పెక్కి, సన్నటి పాయలుగా కిందికి జారుతుంది.

ఇప్పుడు లెక్క. ఎకరం గుంట మీద 10 సెంటీమీటర్ల వాన అంటే దాదాపు 4 లక్షల లీటర్లు. 1.4 మీటర్ల లోతు, 15 పీపీటీ ఉన్న గుంటలో అదంతా కలిపేసినా ఉప్పు 14కే దిగుతుంది. వనామికి అది లెక్కలోది కాదు. అందుకే కలిపేయమంటున్నాను. అయితే తెడ్ల ఏరియేటరు కొట్టేది పై నీటినే. అన్నీ ఒకే వైపు నీటిని తోసి గుంట మొత్తం గుండ్రంగా తిరిగేలా పెట్టాలి. గాలిని ఏటవాలుగా కిందికి తోసే రకం ఉంటే ఇంకా మంచిది.

అదే రెండు మూడు రోజుల్లో 30 సెంటీమీటర్లు పడితే ఉప్పు 12 చిల్లరకు వస్తుంది. ఆల్కలినిటీ (పులుపును తట్టుకునే గుణం), మినరల్స్ కూడా అదే పాళ్లలో పలచబడతాయి, నీరు గట్టును తాకుతుంది. అప్పుడు తీయడమే ముందు. దీనికి కరెంటు అక్కర్లేదు కూడా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో కరెంటు పోతే జనరేటరు డీజిల్‌ను రాత్రికి దాచుకోవడం ఎంత అవసరమో రైతులకు చెప్పక్కర్లేదు.

తీసేటప్పుడు తూము పై చెక్కలే ఎత్తాలి, వల తప్పనిసరి. అడుగు పైపు తెరిస్తే మీ ఉప్పు నీరు పోయి వాన నీరు మిగులుతుంది. ఏరియేటర్లు తిప్పుతూ తీసినా అంతే, కలిసిన నీరు పోతుంది. కాబట్టి పగటిపూట, వాన పడుతుండగానే, వాటిని కాసేపు ఆపి తీయడం మంచిది. పట్టుబడికి కావాల్సిన కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) దగ్గరపడి గుంట నిండా రొయ్య ఉంటే మాత్రం ఆపే సాహసం చేయొద్దు. కొంత ఉప్పు పోయినా పర్వాలేదు, రొయ్య బతకాలి. రాత్రిపూట ఆపే మాటే వద్దు. క్రీకు పోటు మీద ఉండి నీరు బయటికి పోకపోతే ఇక కలపడం ఒక్కటే దారి.

ఏ దారి పట్టినా థర్మామీటరును నమ్మొద్దు. తాడు కట్టిన సీసాతో అడుగు నీరు తీసి, పై నీరు విడిగా తీసి, రెండింటికీ వేర్వేరుగా సాలినిటీ (ఉప్పు పాలు) చూడండి. తేడా ఒక పీపీటీలోపు వచ్చేదాకా మేత తగ్గించి, ఏరియేటర్లు తిప్పుతూనే ఉండాలి.