కార్బన్ లేని టేబుల్ టెన్నిస్ (టీటీ) బ్యాట్‌తో కొన్నేళ్లు: నా అనుభవం

స్టిగా ఆల్‌రౌండ్ క్లాసిక్ బ్లేడ్ (అంటే బ్యాట్‌లోని చెక్క భాగం), దానికి రెండు వైపులా యసాకా మార్క్ వి రబ్బర్లు. కొన్నేళ్లుగా నేను ఆడుతున్నది దీంతోనే. రబ్బర్లు మారుతూ వచ్చాయి గానీ చెక్క అదే. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో వారానికి రెండు మూడు సాయంత్రాలు ఆడి, సంక్రాంతికో ఆగస్టు 15కో పెట్టే పోటీల్లో పేరిచ్చే నాలాంటివాళ్లకు ఇంతకంటే స్పీడు బ్యాట్ అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. అక్కర్లేకపోవడమే కాదు, దానివల్ల పాయింట్లు పోతాయి కూడా.

మన స్థాయి ఆటలో పాయింట్లు ఎలా పోతాయో ఒక సాయంత్రం పక్కన కూర్చుని చూడండి. అద్భుతమైన స్మాష్‌కి పోయేవి తక్కువ. సర్వ్ తిప్పి ఇవ్వలేక, పుష్ (బాల్ కింది భాగాన్ని కోస్తూ మెల్లగా నెట్టడం) చేయబోతే బాల్ పైకి లేచి, బ్లాక్ (వచ్చిన దెబ్బకి బ్యాట్ అడ్డం పెట్టడం) చేస్తే టేబుల్ దాటి పోయేవే ఎక్కువ. ఈ మూడింటికీ కావాల్సింది కంట్రోల్. ఐదు పొరల మామూలు చెక్క బ్లేడ్‌లో అది దొరుకుతుంది. బాల్ తగిలినప్పుడు ఎక్కడ తగిలిందో, ఎంత గట్టిగా తగిలిందో చేతికి తెలుస్తుంది. షార్ట్ పుష్ నెట్ దాటి అక్కడే రెండోసారి పడేలా వేయొచ్చు. చెక్క పొరల మధ్య కార్బన్ పెట్టిన బ్లేడ్ అయితే అదే పుష్‌కి బాల్ టేబుల్ చివరిదాకా జారి, అవతలివాడికి లడ్డూలా దొరుకుతుంది. నియమాల ప్రకారం బ్లేడ్ మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క ఉండాలి. కార్బన్ లాంటివి ఆ మిగతా కొంచెంలోనే. ఆ కొంచెమే బ్యాట్ స్వభావాన్ని ఇంత మార్చేస్తుంది.

మామూలు చెక్క బ్లేడ్‌కీ హద్దు లేకపోలేదు. టేబుల్‌కి ఆరేడు అడుగులు వెనక్కి జరిగి టాప్‌స్పిన్ (బాల్ ముందుకు దొర్లుతూ వెళ్లేలా తిప్పి కొట్టే షాట్) వేయాలంటే భుజం బలమంతా పెట్టాలి. కానీ మా క్లబ్‌హౌస్‌లో ఆరడుగులు వెనక్కి జరిగితే గోడ తగులుతుంది. చాలామంది పరిస్థితి ఇదే అనుకుంటా.

ఇక రబ్బరు. మార్క్ వి వచ్చింది 1969లో. అంత పాతది ఎందుకని షాపులో కుర్రాడు కూడా అడిగాడు. కొత్త తరం టెన్సర్ రబ్బర్లు బాల్‌ని తమంతట తామే విసిరేసినట్టు ఉంటాయి. స్ట్రోక్ సరిగ్గా ఉంటే అది వరం, లేకపోతే తలనొప్పి. హరికేన్ 3 లాంటి జిగురు రబ్బర్లలో స్పిన్ బ్రహ్మాండంగా వస్తుంది గానీ రబ్బరు కింద ఉండే స్పాంజ్ పొర గట్టిగా ఉంటుంది, పూర్తి ఊపుతో కొట్టకపోతే బాల్ చచ్చినట్టు పడుతుంది. మార్క్ వి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. మనం ఎంత ఇస్తే అంతే తిరిగి ఇస్తుంది. స్పాంజ్ మందం మీద బేరం ఆడకండి: 1.8 మిల్లీమీటర్లు తీసుకోండి, ఆట కుదిరాక 2.0. 'మ్యాక్స్' అని రాసి ఉన్నది వద్దు.

ఆకుల శ్రీజ 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాక మా పిల్లల్లో టీటీ మోజు పెరిగింది, మంచిదే. కానీ తల్లిదండ్రులు నేరుగా ఛాంపియన్ల బ్యాట్ల కోసం వెతకడం మొదలుపెట్టారు. రోజుకి గంటల తరబడి ప్రాక్టీస్ చేసేవాళ్ల బ్యాట్ అది. పదేళ్ల పిల్లాడికి దాన్నిస్తే స్ట్రోక్ నేర్చుకోడు, భయపడి చెయ్యి బిగబట్టడం నేర్చుకుంటాడు.

రెడీమేడ్ బ్యాట్లు పూర్తిగా పనికిరావని అనను. మొదటి కొన్ని నెలలకు సరిపోతాయి. సమస్య ఏమిటంటే, చాలావాటిలో రబ్బరు ఊడదీస్తే చెక్క కూడా పొరలుగా లేచి వస్తుంది. అంటే రబ్బరు అరిగితే బ్యాట్ మొత్తం పారేయాల్సిందే. బ్లేడ్, రబ్బర్లు విడిగా కొంటే మొదట ఖర్చు ఎక్కువే, కానీ పేరున్న కార్బన్ బ్లేడ్ ఒక్కదాని ధరలో నా బ్యాట్ మొత్తం వచ్చేసింది. అతికించడం పెద్ద విద్యేం కాదు. నీళ్లతో చేసిన గ్లూ రబ్బరుకీ చెక్కకీ పల్చగా రాసి, తెల్లటి రంగు పోయి పారదర్శకం అయ్యేదాకా ఆగి, అతికించి, అంచు వెంట కట్టర్‌తో కోయడమే. అంతకుముందు చెక్కకి పల్చగా ఒక పూత వార్నిష్ వేస్తే తర్వాత రబ్బరు మార్చినప్పుడు పీచు లేవదు. ఘాటు వాసన వచ్చే పాత స్పీడ్ గ్లూల జోలికి వెళ్లకండి, 2008లోనే వాటిని నిషేధించారు.

బరువు కూడా చూసుకోవాలి. నా బ్యాట్ మొత్తం 170 గ్రాముల చిల్లర. 190 దాటితే గంట తర్వాత మణికట్టు చెప్తుంది.

రబ్బరు ఆయుష్షు మన శుభ్రతను బట్టి ఉంటుంది. ఆట అయ్యాక తడి స్పాంజ్‌తో తుడిచి, ఆరాక ప్లాస్టిక్ పొర వేసి కేస్‌లో పెడితే చాలు. సబ్బు వద్దు. ఎండాకాలంలో బ్యాట్‌ని కార్ డిక్కీలో వదలొద్దు. విశాఖలో మా బావగారి ఇంటికి వెళ్లినప్పుడు తెలిసింది, ఉక్కపోత రోజుల్లో రబ్బరు మీద కంటికి కనపడని తేమ చేరి స్పిన్ సర్వ్ జారిపోతుంది. అక్కడివాళ్లు ప్రతి గేమ్ మధ్యలో పొడి గుడ్డతో తుడుచుకుంటారు. రబ్బరు మెరుపు పోయి, బాల్‌ని దాని మీద రాస్తే పట్టు తగలకుండా జారుతోందంటే మార్చే వేళయినట్టే.

మా బ్లాక్‌లో ఒక పెద్దాయన లాంగ్ పింపుల్స్ రబ్బరుతో, అంటే పైకి పొడుగాటి బొడిపెలు ఉన్న రబ్బరుతో ఆడతారు. మన దేశపు టీటీ క్రీడాకారిణి మణికా బాత్రా బ్యాక్‌హ్యాండ్‌లో వాడేది ఆ రకమే. మనం టాప్‌స్పిన్ వేస్తే బాల్ కట్ (వెనక్కి తిరిగే స్పిన్) అయి తిరిగొస్తుంది, నెట్‌లో కొడతాం. ఆయనేమో నవ్వుతూ "ఏం బాబూ, కట్ చూసుకోవద్దూ?" అంటారు. ఏ వైపుతో కొట్టారో తెలియడానికే బ్యాట్ రెండు వైపులా వేర్వేరు రంగులు ఉండాలనే నియమం ఉంది. ఆట మొదలయ్యే ముందు ఎదుటివాడి బ్యాట్ అడిగి చూడొచ్చు, మొహమాటం అక్కర్లేదు. ఆయన్ని చూసి పింపుల్స్ కొన్న కుర్రాళ్లు ఉన్నారు. టాప్‌స్పిన్ రానివాళ్లకు అది నేను సిఫార్సు చేయను.

బ్యాట్ మీద మిగిల్చిన డబ్బు బాల్స్ మీద పెట్టండి. 40 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ త్రీ స్టార్ (పోటీల నాణ్యత ఉన్న) బాల్స్‌కీ, డజను లెక్కన అమ్మే చవక బాల్స్‌కీ తేడా మొదటి ర్యాలీలోనే తెలుస్తుంది. టేబుల్ మీద వేళ్లతో తిప్పి చూడండి, ఊగుతూ తిరిగితే అది గుండ్రంగా లేనట్టు.

టేబుల్ సంగతి మన చేతుల్లో ఉండదు గానీ, కమిటీలో మాట చెల్లితే ఒక పరీక్ష చేయించండి. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన బాల్ దాదాపు 23 సెంటీమీటర్లు లేవాలి, ఎక్కడ వదిలినా అంతే లేవాలి. మా క్లబ్‌హౌస్ పాత టేబుల్ ఒక మూల సగం కూడా లేపలేదు. దాంతో కొత్త టేబుల్‌కి కమిటీ ఒప్పుకుంది.

జాగింగ్ షూలతో ఆడొద్దు. మడమ ఎత్తుగా ఉండి పక్కకి కదిలేటప్పుడు కాలు మడతపడుతుంది. గమ్ సోల్ ఉన్న బ్యాడ్మింటన్ షూలు చాలు.

కోచ్ దగ్గర వారానికి ఐదు రోజులు ఆడుతూ, ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్ వరుసగా పదిహేను ఇరవై వేయగలిగేవాళ్లకు నా బ్యాట్ మందకొడిగా అనిపిస్తుంది. వాళ్లు కూడా ముందు ఫోర్‌హ్యాండ్ వైపు రబ్బరు ఒక్కటే మార్చి చూడాలి. బ్లేడ్ మార్పు ఆ తర్వాత.